లెక్కపెట్టని ట్యూబు

మూత వేశాను. గొళ్ళెం పడిన చప్పుడు విని మీట తిప్పాను. ఇది మొదటి విడత, పది నిమిషాలు, నెమ్మదిగా తిరగాలి. లోపల ఎదురెదురుగా రెండు ట్యూబులు, రెండింట్లోనూ మా తమ్ముడి రక్తం, త్రాసులో పెట్టి చుక్క తేడా లేకుండా సరిచూసుకున్నవి. ఒక పక్క బరువు ఎక్కువైందంటే, ట్యూబుల్ని గిర్రున తిప్పే ఈ సెంట్రిఫ్యూజ్ బల్ల మీద గంతులు వేస్తుంది, అలమర అద్దాలు గలగలలాడతాయి, పక్క గదిలోవాళ్ళు పరుగెత్తుకొస్తారు. కొత్తవాళ్ళ చేతిలో అలా జరగడం చూశాను. ఈ ల్యాబులో నా చేతిలో ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా గంతు వేయలేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకోను గానీ మూత వేసినప్పుడల్లా లోలోపల ఒకసారి అనుకుంటాను. ఇవాళ అలవాటు కొద్దీ అనుకోబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగాలి, అది నిజమే కదా అనిపించి, మళ్ళీ అనుకున్నాను. గోడ గడియారంలో పదీ పది అయింది. పదకొండుకి సర్జన్ గారు వస్తారు. "పదకొండుకి గాయం చూడ్డానికి వస్తాను. అప్పటికి మీ తమ్ముడికి సంగతి తెలిసుండాలి. లేకపోతే నేనే చెప్తాను," అన్నారావిడ పొద్దున వరండాలో, చేతులు తుడుచుకుంటూ, కోప్పడకుండా. కోప్పడి ఉంటే నాకు సులువుగా ఉండేది. నాకూ కోపం వచ్చేది, కోపంలో నేను ఏ పనైనా చేసేస్తాను. చెప్పాల్సింది చిన్న ముక్కే. ఒరేయ్, మూడు వారాల కింద నేనిచ్చి నీ గాయంలో పోయించింది మందు కాదురా, పారబొయ్యాల్సిన పైనీళ్ళు, అసలు మందు నా బల్ల మీదే ఉండిపోయింది. ఇంతే. ఊపిరి తీసుకోకుండా చెప్పేయొచ్చు. ఇందాక రక్తం తీస్తున్నప్పుడు గదిలో నేనూ వాడూ తప్ప ఎవరూ లేరు. అయినా చెప్పలేదు.

వాడు అక్కడ డ్రెస్సింగ్ గదిలో బోర్లా పడుకుని ఉంటాడు, గడ్డం కింద దిండు పెట్టుకుని, ఒక చెయ్యి బల్ల మీంచి కిందికి వేలాడేసి. అయిదు నెలలుగా వాడి బతుకంతా బోర్లానే. నలభై మీటర్ల ఎత్తున క్రేన్ గదిలో కూర్చుని, కింద నిలబడ్డ మనిషి చేతిసైగ చూసి టన్నుల బరువు ఎత్తి చెప్పిన చోట గుడ్డు పెట్టినట్టు దించే మనిషి, పద్నాలుగేళ్ళుగా రోజుకి పది గంటలు ఒకే సీటులో ఉన్న మనిషి, ఇప్పుడు కుర్చీ చూస్తే పక్కకి తప్పుకుంటాడు. పిరుదుల చీలిక మొదట్లో, వెన్నెముక చివర, చర్మం కిందికి వెంట్రుకలు దూరి, లోపల దారి చేసుకుని చీము పట్టే జబ్బు ఇది. పైలోనిడల్ సైనస్ అంటారు. వాడు తోటివాళ్ళకి నడుము ఆపరేషన్ అని చెప్పుకున్నాడు, గుచ్చి గుచ్చి అడిగినవాళ్ళకి సీటు జబ్బు అన్నాడు, సీటు కంపెనీది కాబట్టి జబ్బూ కంపెనీదే అన్నాడు. రెండుసార్లు వేరేచోట పైపైన కోసి చీము తీశారు, రెండుసార్లూ తిరగబెట్టింది. మూడోసారి మా సర్జన్ గారు లోపలి దారి మొత్తం తీసేసి, కుట్లు వేయకుండా, అడుగు నుంచి దానంతట అదే పూడి రావాలని గాయం తెరిచి ఉంచారు. సగం దాకా బుద్ధిగా పూడింది. తర్వాత మొండికేసింది. వాడి భార్య, మా మరదలు, రోజూ పొద్దున గాయం కడిగి, తడిపిన గాజుగుడ్డ మెత్తగా నింపి, ఆదివారం ఆదివారం దూది పుల్లతో లోతు కొలిచి, స్కేలు పక్కన పెట్టి చూసి, క్యాలెండరు మీద అంకె వేస్తుంది. నాలుగు, మూడున్నర, మూడు, రెండున్నర. ఆ తర్వాత అన్నీ రెండున్నరలే. ఆ పిల్ల అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది, రోజంతా ఇతరుల తప్పులు వెతకడమే పని, అందుకని ఆ అంకెల్లో నేను ఒక్కదాన్నీ అనుమానించను. గాయం మూసుకుంటే తప్ప వాడికి ఫిట్‌నెస్ కాగితం ఇవ్వరు, కాగితం లేకపోతే నిచ్చెన ఎక్కనివ్వరు. ఇప్పుడు వాడి సీటులో ఇంకెవరో కూర్చుంటున్నారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం వాడు జోకు వెయ్యడు.

ఇంకా ఆరు నిమిషాలు. మెషీన్ ఒకే రాగంలో తిరుగుతోంది. ఈ చప్పుడు వింటే నాకు నిద్ర పడుతుందని మా ఆయన వెక్కిరిస్తాడు, నిజమే, పడుతుంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో, ట్రైనింగులో ఉన్నప్పుడు, నరం దొరకబుచ్చుకోవడం చేతకాక ఏడ్చేదాన్ని. రబ్బరు చెయ్యి మీద అందరం బాగానే గుచ్చేవాళ్ళం, మనిషి చెయ్యి దగ్గరికి వచ్చేసరికి నాకు నరం తప్పిపోయేది. అప్పుడు వీడు స్కూలు చివరి ఏడాదిలో ఉన్నాడు. వంటింటి బల్ల మీద చెయ్యి చాపి, "నా మీద నేర్చుకో" అన్నాడు. ఎడమచేతికి ఆరు పోట్లు పొడిచాను, రక్తం రాలేదు, చర్మం కిందంతా నీలం కమ్మింది. నేను సూది పడేసి లేచిపోబోతే, "ఇంకో చెయ్యి ఉందిగా" అన్నాడు. కుడిచేతికి అయిదో పోటులో వచ్చింది, ట్యూబులోకి చిమ్మిన ఆ మొదటి ఎర్రటి ధార నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మొత్తం పదకొండు పోట్లు. మర్నాడు రెండు చేతులూ నీలంగా స్కూలుకి వెళ్ళి, ఏమైందని అడిగితే మా ఇంట్లో పెద్ద దోమ ఉంది సార్ అన్నాడట. ఆ రోజు నుంచీ నేను దోమని. పెళ్ళిచూపుల్లో కూడా వాడు దోమా అని పిలిస్తే పెళ్ళివారు దోమతెర కట్టమంటారా అని అడిగారు. నేను ఉద్యోగంలో చేరినా దోమే, ల్యాబు మొత్తానికి పెద్దనయినా దోమే. ఎవరైనా మీ అక్కయ్య ఏం చేస్తుందంటే రక్తం తాగుతుందని చెప్పేవాడు. నవ్వేదాన్ని గానీ, ఒక్కొక్కసారి ఒళ్ళు మండేది కూడా. నేను చేసే పనేమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, డాక్టరు చీటీ రాయడం, మందు ఇవ్వడం, రెండే కనిపిస్తాయి వాళ్ళకి, ఆ రెండింటికీ మధ్య ఒక ట్యూబూ ఒక మనిషీ ఉంటారని ఎవరికీ పట్టదు.

గంట మోగింది. మెషీన్ దానంతట అది ఆగేదాకా మూత ముట్టుకోకూడదు. ఆగాక తీశాను. వెలుతురుకి పట్టి చూస్తే కింద ముదురెరుపు, పైన ఎండుగడ్డి రంగులో పసుపు, రెండింటి మధ్య గోరంచంత పల్చటి తెల్ల గీత. ఇన్ని వేలసార్లు చూశాను, ఇప్పటికీ చూడబుద్ధేస్తుంది. తెలీనివాళ్ళు రక్తమంటే ఎరుపనుకుంటారు, దాన్ని కాసేపు తిప్పి ఊరుకోబెడితే లోపల ఏముందో అదే వరసగా సర్దుకుని చూపిస్తుంది. ఎరుపుని కదపకుండా పసుపంతా, తెల్ల గీత పైపైన కూడా కాస్త, పిపెట్‌తో కొత్త ట్యూబులోకి తీశాను. దీన్ని మళ్ళీ తిప్పాలి, ఈసారి వేగంగా. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఈ పసుపులో తేలుతుంటాయి. జ్వరాలప్పుడు తగ్గిపోయాయని అందరూ కంగారుపడేది వీటి గురించే. గాయం దగ్గరికి మొదట పరుగెత్తుకెళ్ళేవి ఇవే, వెళ్ళి పగిలి, రండి ఇక్కడ పని ఉందని మిగతావాటిని పిలిచేవీ ఇవే. వాటిని కొద్ది చోట ఎక్కువగా పోగుచేసి, మొండి గాయంలో పోస్తే, ఆగిపోయిన పని మళ్ళీ మొదలవుతుందని ఆశ. అందరికీ అవుతుందని ఎవరూ హామీ ఇవ్వరు, మా సర్జన్ గారైతే అసలివ్వరు. కానీ మనిషికి బయటి మందేమీ కాదు, తన రక్తమే తనకి. ఈ పని మా ఆస్పత్రిలో మొదలుపెడదామనుకున్నప్పుడు సర్జన్ గారు ల్యాబుకి వచ్చి, "మీరు చేస్తానంటేనే మొదలుపెడతాను," అన్నారు. మెషీన్ ఉందా అని అడగలేదు, మీరు చేస్తారా అని అడిగారు. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళాను, బస్సులో కూర్చోవాలనిపించలేదు.

ఎదురుగా అంతే బరువు నీళ్ళ ట్యూబు పెట్టి రెండో విడత మీట తిప్పాను. ఇది కూడా పది నిమిషాలే. నా ముందు బల్ల మీద గీతల గాజుపలక, మైక్రోస్కోపు, బొటనవేలితో నొక్కితే టిక్కుమని ఒక్కొక్క అంకె పెరిగే చిన్న డబ్బా. మిగతా లెక్కలన్నీ మెషీనే పెడుతుంది గానీ ఇంత చిక్కటి సరుకు చూస్తే అది తడబడుతుంది, అందుకని దీన్ని చేత్తో లెక్కపెట్టాలని నేనే పెట్టుకున్న నియమం. లెక్క చూడందే ట్యూబు ల్యాబు గడప దాటకూడదు. మొదట అయిదుగురికి చేశాం. కాలి పుండు పెద్దాయన, కుట్లు విడిపోయిన లెక్చరర్, ఇంకో ముగ్గురు. అయిదుగురివీ లెక్కపెట్టాను, రిజిస్టరులో రాశాను, గడుల్లో కనిపించినవాటిని హెచ్చవేస్తే ఆవగింజంత చుక్కకి ఎన్నో తేలుతుంది, అయిదు అంకెలూ పది లక్షలు దాటాయి. నలుగురి గాయాలు మూసుకున్నాయి. ఆరోవాడు మా తమ్ముడు. వాడి ట్యూబు లెక్కపెట్టలేదు.

ఎందుకు లెక్కపెట్టలేదంటే ఏం చెప్పను. తొందరేమీ లేదు. సర్జన్ గారు ఆగండి అంటే ఆగేవారు. డ్రెస్సింగ్ గదిలోంచి వాడి గొంతు వరండా అంతా వినిపిస్తోంది, నర్సుతో ఏదో వాగుతున్నాడు, మా అక్క వస్తుంది చూడండి, నా రక్తంలోంచి నాకే మందు తీసుకొస్తుంది అంటున్నాడు. అక్క అన్నాడు. దోమ అనలేదు. పాతికేళ్ళలో మొదటిసారి పరాయి మనిషి ముందు వాడు నన్ను అక్క అనడం విన్నాను. ఆ ఒక్క మాటకే పొంగిపోయాను. రెండో విడత ఆగింది, మూత తీశాను, ట్యూబు పైన తేటగా, బంగారంలా మెరుస్తోంది, నా చెయ్యి దానంతట అది వెళ్ళి ఆ తేటనే మందు ట్యూబులోకి తీసింది. ఇరవై రెండేళ్ళుగా నా చేతికి తెలిసిన పని అదే మరి. చక్కెరకైనా కొవ్వుకైనా కాలేయానికైనా, తిప్పాక పైన తేరినది కావాలి, అడుగున మిగిలింది బకెట్లోకి పోవాలి. ఈ ఒక్క పనిలో మాత్రమే తలకిందులు. రెండో విడత తర్వాత ప్లేట్‌లెట్లన్నీ అడుక్కి దిగుతాయి, పైన తేటలో దాదాపు ఏమీ ఉండవు, దాన్ని తీసి పడేసి అడుగున ఉన్న మసకదాన్ని దాచుకోవాలి. నిన్న చేరిన పిల్లయితే కాగితం చూసుకుంటూ చేస్తుంది, తప్పు చెయ్యదు. ఇలాంటి తప్పు చెయ్యాలంటే నా అంత అనుభవం కావాలి. అప్పుడైనా గాజుపలక మీద ఒక్క చుక్క వేసి చూసుంటే తెలిసిపోయేది. నా తమ్ముడిది, నా చేత్తో తీసింది, ఇందులో లెక్కేమిటి అనుకున్నాను. సరిగ్గా ఆ మాటలే అనుకున్నాను, గుర్తుంది. కాల్షియం చుక్కలు వేస్తే అది చక్కగా జెల్లీలా గడ్డకట్టింది కూడా, పై తేట అయినా అడుగుదైనా గడ్డ కట్టడం కడుతుంది, చూపుకి తేడా తెలీదు. సర్జన్ గారు గాయంలో నింపి కట్టు కట్టారు. వాడు బోర్లా పడుకునే నాకు సెల్యూట్ కొట్టాడు.

మిగిలిన ట్యూబులు సాయంత్రం ల్యాబు కట్టేసేదాకా పారెయ్యకుండా ఉంచడం నా అలవాటు. నాలుగింటికి అన్నీ సర్దుతుంటే వాడి ట్యూబు చేతికొచ్చింది. అడుగున పల్చటి గులాబిరంగు మడ్డి, కదపని మడ్డి. కూర్చుని, మడ్డిని కలిపి, పలక మీద వేసి చూశాను. కిక్కిరిసి ఉన్నాయి. గీతలు కూడా కనపడనంత ఉన్నాయి. వాడి గాయంలోకి వెళ్ళాల్సినవన్నీ నా ముందు, పనికిరాకుండా. అవి ఎన్నో ఎందుకులే అనిపించింది, అయినా పలచన చేసి చివరిదాకా లెక్కపెట్టాను, పన్నెండు లక్షల చిల్లర. అప్పుడే రిజిస్టరు తీసి రాశాను. "రెండో విడత తర్వాత పై పొర తీశాను. అడుగు పొర వదిలేశాను. లెక్క చూడలేదు. తప్పు నాది." సంతకం పెట్టాను. ఆ నాలుగు వాక్యాలూ కొట్టివేతలు లేకుండా ఒకే ధాటిగా రాశాను, అందుకు ఇప్పటికీ నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది, సిగ్గుపడాల్సిన చోట గర్వమేమిటని ఎవరైనా అంటే అననీ. మర్నాడు సర్జన్ గారికి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, "ఆయనకి నష్టమేమీ జరగలేదు, లాభమూ జరగలేదు. మూడు వారాలు ఆగి మళ్ళీ చేద్దాం. చెప్పడం మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నారు. నేనే చెప్తానన్నాను. అంత గొప్పగా అన్నదాన్ని, మూడు వారాలు మింగేశాను.

ఏం చెయ్యను, ఆ మూడు వారాలూ వాడు నన్ను నెత్తిన పెట్టుకున్నాడు. కింద నిలబడి సైగలు చేసే తన నేస్తానికి ఫోన్ చేసి, ఇంజనీరుకి చేసి, మా అక్క అంటే ఏమనుకున్నారు, డాక్టర్లే ఆవిణ్ణి అడిగి చేస్తారు అని చెప్పాడు. గాయం సగం ఆరిపోయిందన్నాడు. మా మరదలు ఆదివారం పుల్ల పెట్టి చూసి రెండున్నరే ఉంది వదినా అని నాకు నెమ్మదిగా చెప్తే, పక్కనుంచి, పుల్ల వంకరగా ఉందే, మా అక్క మందు పోశాక తగ్గకపోవడమేమిటి అన్నాడు. మంట తగ్గిందట, నిద్ర పడుతోందట. మనసుకి నమ్మకం కుదిరితే అలాగే ఉంటుంది. నేను పక్కనే కూర్చుని విన్నాను. చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ వాడు ఇంకో మెట్టు పైకెక్కించేవాడు నన్ను. దొంగిలించిన నగ పెట్టుకుని పదిమందిలో తిరిగినట్టుండేది, అయినా తీసెయ్యాలనిపించేది కాదు. ఇందాక రక్తం తీస్తుంటే కూడా, మొదటి పోటుకే వచ్చేసరికి, "చూశావా, ఇప్పుడు దోమ కుట్టినట్టు కూడా లేదు," అన్నాడు. నేను ట్యూబులు పట్టుకుని వచ్చేశాను.

ఒకటి మాత్రం ఈ మూడు వారాలుగా పదేపదే గుర్తొస్తోంది. వాడు క్రేన్ ఎక్కిన కొత్తలో, ఒక బరువుకి ఎన్ని టన్నులో రాసిన చీటీ చూడకుండా, ఇది నాకు తెలిసిన బరువే అని కంటిచూపుతో అంచనా వేసి ఎత్తాడట. గాల్లోకి లేవగానే హెచ్చరిక గంట కొట్టింది. నెమ్మదిగా దించేశాడు, ఎవరికీ ఏమీ కాలేదు, పైన వాడొక్కడే కాబట్టి గంట ఎవరూ వినలేదు కూడా. దిగి వచ్చి లాగ్‌బుక్కులో తనే రాశాడు, చీటీ చూడలేదు అని. ఇంజనీరు దాన్ని చదివి కింద, చదివాను అని సంతకం పెట్టాడట. వాళ్ళ దగ్గర అది పద్ధతి. తప్పు రాసినవాడి కింద చదివినవాడు సంతకం పెట్టాలి, పెట్టేదాకా అది ఒక్కడి తప్పే, పెట్టాక ఇద్దరి పని అని వాడు చెప్పాడు. ఆ కథ చెప్పినప్పుడు వాడి మొహం చూడాలి, బరువు ఎత్తిన కథలన్నిటికంటే ఆ దించిన కథే గొప్పగా చెప్తాడు. నేను విని నవ్వి, మీ క్రేన్లవాళ్ళకి ఇవన్నీ కావాలి గానీ, మా ల్యాబులో తప్పులు జరగవురా అన్నాను. ఆ మాట కూడా నాదే.

గంట మోగింది. ఆగింది. మూత తీశాను. ట్యూబు పైన బంగారంలా తేట మెరుస్తోంది. అడుగున మడ్డి. నా చెయ్యి ఆ తేటనే మందు ట్యూబులోకి ఎత్తబోయింది, నిజంగా ఎత్తబోయింది, వేలు బిగించి ఆపాను. తేట తీశాను, తీసి వేరే ట్యూబులో పోసి దాని మీద పెద్దక్షరాలతో పారబొయ్యాలి అని రాశాను. మిగిలిన కొంచెంలో అడుగుదాన్ని మెల్లగా, నురగ రాకుండా, ముంజేతితో తిప్పుతూ కలిపాను. పైకి లేచింది, పొగలా సుళ్ళు తిరిగి మొత్తం పరుచుకుంది. ఇందులోంచి ఒక్క చుక్క తీసి, పలచన చేసి, గాజుపలక మీద వేసి, అవి కుదురుకునేదాకా ఆగి, కన్ను పెట్టాను. చిన్నవి, మిలమిలలాడేవి, గడికి ఇన్ని. టిక్కు, టిక్కు, టిక్కు. పక్కన ఫోన్ మోగుతోంది, మోగనీ. తలుపులో ఎవరో నిలబడి రిపోర్టు అడుగుతున్నారు, అడగనీ. ఒక మూల నుంచి మొదలుపెట్టి గీత మీద పడ్డవాటిని ఒక్కసారే లెక్కలోకి తీసుకుంటూ చివరి గడి దాకా వెళ్ళి, హెచ్చవేశాను. పదకొండు లక్షల ఇరవై వేలు. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. పదకొండు లక్షల నలభై వేలు. మనిషి చేతి లెక్కకి ఆ మాత్రం తేడా ఉంటుంది, అది కూడా రాసుకుంటాను. ఇది నా పని. ఇంత చిన్నవాటిని, ఎవరూ చూడనివాటిని, ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఒక అంకె చెప్పగలను, ఆ అంకెని నమ్మి ఒక డాక్టరు గాయం మీద చెయ్యి వేస్తుంది. దీనికి ఎవడి పొగడ్తా అక్కర్లేదు. ఈ మాట మూడు వారాల కింద గుర్తుండి ఉంటే బాగుండేది. పదకొండుకి తొమ్మిది నిమిషాలుంది. ట్రేలో ట్యూబూ కాల్షియం సీసా పెట్టుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని బయల్దేరాను.

వరండాలో నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. గదిలో వాడు నేను వదిలినట్టే ఉన్నాడు. నడుము మీద పచ్చగుడ్డ, ఫోన్ నేల మీద. నన్ను చూడలేడు, చప్పుడుని బట్టే పోల్చాడు.

"వచ్చావా అక్కా? అయిపోయిందా?"

"అయింది. నీకో మాట చెప్పాలి. మధ్యలో మాట్లాడకు."

చెప్పాను. ఊపిరి తీసుకోకుండా కాదు, మూడుసార్లు ఆగి చెప్పాను. పై పొర, అడుగు పొర, లెక్క చూడకపోవడం, మూడు వారాలు. మంట తగ్గడం నా మందు వల్ల కాదని కూడా చెప్పాను. వాడి వీపే కనిపిస్తోంది నాకు, అది కదలట్లేదు. మొహం కనిపించకుండా ఒక మనిషికి ఇలాంటిది చెప్పడం సులువనుకున్నాను, అది చాలా కష్టం. గోడ అవతల ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ పోయారు, దాని చక్రం ఒకటి కీచుమంటోంది, ఆ చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళింది.

"అందరికీ చెప్పుకున్నానే," అన్నాడు చివరికి.

"తెలుసు."

"తప్పంటే ఎవరికైనా జరుగుతుంది. మూడు వారాలు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నా గురించి గొప్పగా చెప్తుంటే వినడానికి బాగుంది. ఇంకొన్నాళ్ళు విందామనిపించింది."

నిజం అదే, ఇంకేం చెప్పినా అబద్ధమయ్యేది. వాడు దిండులోకి ఏదో గొణిగాడు. తర్వాత వాడి వీపు కొంచెం కదిలింది, ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను, కాదు, మోచేతుల మీద లేస్తున్నాడు.

"దోమా."

"ఊఁ."

"ఈసారి లెక్కపెట్టావా?"

"రెండుసార్లు."

"ఎంత?"

చెప్పాను. రెండు అంకెలూ చెప్పాను. వాడు వాటిని పైకి పలికాడు, బరువు చీటీ చదువుకున్నట్టు, ఒక్కొక్క సున్నా ఒప్పజెప్పుకుంటూ.

"ఆ తప్పు ఎక్కడైనా రాశావా?"

రిజిస్టరు తెరిచి, వాడి తల కిందికి వచ్చేలా స్టూలు జరిపి, దాని మీద పెట్టాను. మెడ వంచి చదివాడు. నాలుగు చిన్న వాక్యాలకి చాలాసేపు పట్టింది. "అదే రోజు రాశావన్నమాట," అన్నాడు, తారీకు మీద వేలు పెట్టి. తర్వాత ఆ చెయ్యే నా వైపు చాపాడు. ఏం కావాలో నాకు ముందే అర్థమైంది, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాను. బోర్లా పడుకుని, వేలాడే చేత్తో, నా సంతకం కింద రాశాడు. అక్షరాలు కొండెక్కి దిగాయి. చదివాను, అని రాసి, సంతకం పెట్టాల్సిన చోట, దోమ తమ్ముడు, అని రాశాడు. ఆస్పత్రి రిజిస్టరులో అలాంటి రాతలు ఉండకూడదు. పైవాళ్ళు తనిఖీకి వస్తే ఏమిటిదని అడుగుతారు. అడిగితే చెప్తాను. నాకు కళ్ళు మసకబారి ట్రే ఎక్కడ పెట్టానో కాసేపు కనపడలేదు.

సర్జన్ గారు సరిగ్గా పదకొండుకి తలుపు తోశారు. మా ఇద్దరినీ చూసి, స్టూలు మీది పుస్తకం చూసి, "చెప్పారా?" అన్నారు.

"చెప్పింది. సంతకం కూడా పెట్టేశాను," అన్నాడు వాడు.

ఆవిడ వంగి ఆ పేజీ చదివారు. పెదవి చివర ఏదో కదిలింది గానీ బయటపడలేదు. చేతి తొడుగులు వేసుకుంటూ అంకె అడిగారు, చెప్పాను, తల ఊపారు. కట్టు విప్పి లోతు కొలిస్తే రెండున్నరే, మా మరదలి పుల్ల వంకర లేదు. నేను కాల్షియం చుక్కలు వేశాను. ట్యూబు వంచితే మొదట జారింది, కాసేపటికి జారడం మానేసింది. గట్టిపడిన ఆ పసుపు ముద్దని ఆవిడ గాయం అడుగు నుంచి మొదలుపెట్టి, ఎక్కడా ఖాళీ ఉండకుండా పరిచారు. వాడు ఒకసారి ఊపిరి బిగబట్టి వదిలాడు.

"ఇది పని చేస్తుందని నేను మాట ఇవ్వలేను. మూడు వారాల తర్వాత చూద్దాం. అవసరమైతే ఇంకోసారి చెయ్యాల్సి రావచ్చు," అన్నారు సర్జన్ గారు కట్టు మీద చివరి టేపు అంటిస్తూ.

వాడు తల తిప్పలేదు. ఇందాక నేను రక్తం తీసిన ఎడమచెయ్యి ఒంటి కిందికి లాక్కుని, కుడిచేతిని బల్ల ఇవతలికి, నా వైపు వేలాడేశాడు. అరచెయ్యి పైకి తిప్పి పెట్టాడు.

"ఇంకో చెయ్యి ఉందిగా," అన్నాడు.

నేను రిజిస్టరు తీసుకుని, వాడి సంతకం కింద తారీకు వేసి, రెండు అంకెలూ రాశాను.